మల్లయ్య మానిక

మనవరాలికి రేపు సైన్సు పరీక్ష. వంటింటి గడప మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో బోర్లించి, కళ్లు మూసుకుని వల్లెవేస్తోంది. బలానికి న్యూటన్, పీడనానికి పాస్కల్, పనికి జౌల్, సామర్థ్యానికి వాట్. నేను పక్కనే చింతపండు గింజలు తీస్తున్నాను. నిరోధం దగ్గరికి వచ్చేసరికి పిల్ల ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు.

"ఓము," అన్నాను.

కళ్లు తెరిచింది. "నానమ్మా, నీకెట్ల తెలుసు?"

"గుర్రపు నాడా లెక్క ఉంటది దాని గుర్తు. ఆయన తాళాలు చేసేటోని కొడుకు."

పిల్ల పుస్తకం తిప్పి చూసింది. గుర్తు నిజంగానే గుర్రపు నాడాలా ఉంది. తాళాల సంగతి మాత్రం అందులో లేదు. పుస్తకం నా చేతికిచ్చింది. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్న దాన్ని, పట్టికలో వేలు పెట్టి ఒక్కొక్క గడీ చదువుకుంటూ కిందికి దిగాను. ఏది కొలవాలి, దేనితో కొలవాలి, అది ఎవరి పేరు. అన్నీ నేను చిన్నప్పుడు చెవులతో విన్న పేర్లే. చివరి గడీ దాకా వెళ్లి ఆగాను.

"ఇంతేనా?"

"ఇంతే. ఏమైంది?"

"ఒకటి లేదు," అన్నాను. పిల్ల నవ్వి పుస్తకం లాక్కుంది. నా చేతులు చింతపండులో ఉన్నాయి గాని, మనసు మెదక్ అంగడికి వెళ్లిపోయింది.

*

మా నాయన తల్లిని మేము అవ్వ అనేవాళ్లం. అంగడి రోజున తెల్లవారక ముందే లేచి, జొన్నరొట్టె మీద ఉల్లికారం పెట్టి మడిచి, కొంగున కట్టుకుని బయలుదేరేది. చంకలో ఒక గోనె సంచి, సంచిలో గింజలు కొలిచే మానిక. నేను వెనకాల పరుగెత్తేదాన్ని. ధాన్యం అమ్మే చోట, బండ్ల నీడన, అవ్వకు ఒక జాగా ఉండేది. ఆమె ఏమీ అమ్మదు, ఏమీ కొనదు. కొలుస్తుంది. అమ్మేవాడి మానిక మీద కొనేవాడికి నమ్మకం ఉండదు. కొనేవాడి మానిక మీద అమ్మేవాడికి ఉండదు. ఇద్దరూ కాసేపు తిట్టుకుని చివరికి అవ్వ ముందుకొచ్చి కూర్చునేవాళ్లు. కొలిచినందుకు ఆమెకు ఒక పిడికెడు గింజలు ఇచ్చేవాళ్లు. సాయంత్రానికి మా సంచిలో వడ్లు, జొన్నలు, పెసలు, అనుములు అన్నీ కలిసిపోయి ఉండేవి. వాటిని వేరుచేయడం నా పని. ఆ దుమ్ము వాసన, గోనె వాసన, ఎండిన పేడ వాసన, ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు ఉల్లికారం రొట్టె ఆకలవుతుంది.

ఆ మానిక మా తాత చేసింది. తాత కమ్మరి. నేను పుట్టకముందే పోయాడు. కొలిమి మీద మా నాయన కూర్చునేవాడు.

మానికలు ఎన్నో ఉండగా మా తాత దానికి అంత పేరెందుకో చెప్పాలి. మామూలు మానిక పొట్టిగా, మూతి వెడల్పుగా ఉంటుంది. మూతి వెడల్పయితే గింజలు పోసినప్పుడు పైన పెద్ద కుప్ప నిలుస్తుంది. ఆసామి తను తీసుకునేటప్పుడు కుప్పతో కొలుచుకుంటాడు. కూలికి ఇచ్చేటప్పుడు అరచేత్తో అంచుకు సమంగా గీసేస్తాడు. పాత్ర ఒకటే, ఎవరూ దొంగ అనడానికి లేదు. పాపన్నపేట వైపు ఒక కళ్లంలో అవ్వ వాళ్ల అక్క అట్లాగే గీసిన కొలతకు కోపమొచ్చి, ఒళ్లో పోసిన వడ్లను వాళ్ల వాకిట్లోనే విదిలించి, ఖాళీ కొంగుతో ఇంటికొచ్చిందట. ఆ మాట విన్న తాత మరునాడు కొలిమి దగ్గర ఒక మానిక చేశాడు. సన్నగా, పొడుగ్గా, నీళ్ల గ్లాసులా ఉంటుంది. లోపల పట్టేది మానెడే. మూతి చిన్నది కాబట్టి పైన కుప్ప నిలవదు. కుప్పతో పోసినా, గీసి పోసినా తేడా ఒక గుప్పెడు కూడా ఉండదు.

ఆసాములు దాన్ని ముట్టుకోలేదు గాని, అంగడి ముట్టుకుంది. చూస్తుండగానే నలుగురైదుగురు అట్లాంటివే చేయించుకున్నారు. వాటికి సొట్ట పడిందనో అడుగు వంగిందనో అనుమానమొస్తే మళ్లీ అవ్వ దగ్గరికే తెచ్చి సరిచూసుకునేవాళ్లు.

"మల్లయ్య మానికతోని కొలువవ్వా."

"రెండు మల్లయ్యలు పొయ్యి, అయిపాయె."

ఆ మాట వినబడినప్పుడల్లా అవ్వ మొహం చూడాలి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని, ఏదో చిన్న పనిలో పడినట్టు నటించేది. ఆమె మాత్రం ఆ పేరు అనేది కాదు. మొగని పేరు నోటితో పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా వైపు ఆడవాళ్లు అనుకునేవాళ్లు. తాత పోయినా అవ్వ ఆ మాట తప్పలేదు. మల్లెపూలను కూడా వాసనపూలు అనేది. కొమురెల్లి మల్లన్నను కొమురెల్లి దేవుడు అనేది. అంగడి ఆడవాళ్లకు ఇదొక వేడుక.

"ముసల్దానా, ఈ మానిక పేరేందే?" అని అడిగేది శివ్వంపేట నుంచి మిరపకాయలు తెచ్చే ఒక ఆమె, కావాలనే.

"నీకు తెల్వదా?"

"మర్చిపోయిన. జర జెప్పు."

"గా పక్కామెను అడుగు."

పక్కామె చెప్పేది. అవ్వ వినేది. ఆ మిరపకాయల ఆమెను ఎంత తిట్టినా, ఆమె రాని అంగడి రోజున మాత్రం అవ్వ మధ్యాహ్నం దాకా దారి వైపు చూస్తూనే ఉండేది.

పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి, పేరు చెబితేనే లోపలికి రానిస్తామంటే అవ్వ ఒక్కసారి చెప్పిందట. ఎవరికీ వినబడలేదట. వినబడిందని తాతే ఒప్పుకుని గొడవ తీర్చాడట.

*

మిగతా రోజులు నేను అమ్మ వెంట ఉండేదాన్ని. అమ్మ హైస్కూలు ఊడ్చేది. నన్ను బడికి పంపమని ఎవరైనా అంటే, చంకలో చెల్లెను చూపించి "దీన్నెవలు ఎత్తుకుంటరు?" అనేది. చెల్లె నిద్రపోతే నాకు సైన్సు గది బల్లలు తుడిచే పని పడేది. ఆ గదికి స్పిరిటు దీపం వాసన, సుద్ద వాసన, ఏదో పుల్లటి ఇనుము వాసన. గాజు బీరువాలో నల్లటి పెట్టెలు, వాటి మొహాల మీద సన్నటి ముల్లు, ముల్లు కింద ఒక్కొక్క గుర్తు. ఒక దాని మీద గరాటు బొమ్మ, ఒక దాని మీద గుడిసె బొమ్మ. అవి ఇంగ్లీషు అక్షరాలని నాకు తెలియదు.

సైన్సు సారు చర్చి కాంపౌండు దగ్గర ఉండేవారు. చర్చి గంట మోగితే చేతిలో ఏముంటే అది పట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకునేవారు. కోటు జేబులో ఎప్పుడూ సుద్దముక్కలు, వాటి మధ్య పుట్నాలు. పుట్నాలు తెల్లగా ఉండేవి. నాకూ పెట్టేవారు, సుద్ద ఊది మరీ.

ఒకరోజు గరాటు బొమ్మ పెట్టె తుడుస్తుంటే అడిగాను. "ఇది దేనికి సారూ?"

"కరెంటు ఎంత జోరుగ తోస్తున్నదో చూసేటందుకు. దాన్ని ఓల్టు అంటరు."

"ఓల్టంటే?"

"మనిషి. వోల్టా అని ఒకాయన ఉండె. ఆయన పేరే దీనికి పెట్టిండ్రు."

నేను నమ్మలేదు. సారు బీరువా అంతా చూపించారు. గుడిసె బొమ్మ ఇంకొకాయన. కరెంటు బుగ్గ మీద, అంటే బల్బు మీద, రాసి ఉండే వాటు ఇంకొకాయన, ఆవిరి యంత్రాన్ని బాగుచేసినవాడు. గుర్రపు నాడా గుర్తు ఓము అనే బడిపంతులుది. ఆయన చెప్పింది మొదట ఎవరూ ఖాతరు చేయలేదట. సారుకు అందరిలో ఓము అంటేనే ఎక్కువ ఇష్టం.

"వాళ్ల నాయన తాళాలు చేసేటోడు బిడ్డా."

"అంటే మా లెక్క కమ్మరోళ్లా?"

"గట్లనే అనుకో."

ఆ మాటతో ఓము మాకు చుట్టమైపోయాడు.

వోల్టా దొర నాలుక మీద రెండు లోహాలు పెట్టుకుని కరెంటు రుచి చూశాడని కూడా సారు ఆ రోజే చెప్పారు. చెప్పకుండా ఉండవలసింది. ఆయన అటు తిరగగానే నేను టార్చి బ్యాటరీకి తగిలించిన రెండు తీగలు నాలుక మీద పెట్టుకున్నాను. పచ్చి చింతకాయ కొరికినట్టు పుల్లగా, చీమ కుట్టినట్టు చురుక్కుమంది. మరునాడు మళ్లీ పెట్టుకున్నాను. మూడోనాడు చెల్లె నాలుక మీద కూడా పెట్టాను. అది బడి అంతా వినబడేలా ఏడ్చింది. అమ్మ చీపురు తిరగేసింది.

ఈ సంగతులన్నీ ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ పొయ్యి మీద జొన్న గట్క కలుపుతోంది. చెయ్యి ఆగింది.

"బుగ్గ మీద ఉన్నది మనిషి పేరా?"

"అవునవ్వా. వాటు. నలభై వాట్ల బుగ్గ అంటే ఆయన పేరన్నట్టే."

అవ్వ గరిటె పక్కన పెట్టింది. "మరి ఆయన పెండ్లాం దుకాన్ల బుగ్గ ఎట్ల అడుగుతదే?"

నాయన కొలిమి దగ్గర్నుంచే నవ్వాడు. అవ్వ నవ్వలేదు. "నవ్వకురా. ఇంట్ల దీపం పోతది. ఆమె పోయి ఏమనాలె? నలభై... ఆయనలు ఇయ్యుండ్రి అనాలెనా?"

నేను మరునాడు సారును అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. దొరల దేశంలో పెండ్లాలు మొగలను పేరుతోనే పిలుస్తారని చెప్పారు. ఆ జవాబు తెచ్చి ఇస్తే అవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది. కాసేపయ్యాక, ఎవరినీ చూడకుండా, "గింతమంది అంటున్నరు ఆయన పేరు. సచ్చినంక సుత," అంది.

*

ఉగాది ఇంకా నెల ఉందనగా డప్పు చాటింపు వచ్చింది. ఇక నుంచి కిలోలు, లీటర్లు. పాత మానికలు, తవ్వలు, సోలలు, శేర్లు అన్నీ పండగ లోపల ఆఫీసులో అప్పజెప్పాలి. అంగట్లో పాత కొలత కనబడితే జుర్మానా. డప్పు మా వాడ దాటి పోయాక కూడా అవ్వ వాకిట్లోనే నిలబడి ఉంది.

ఆ రాత్రి గట్క ముట్టలేదు. నాయన బుజ్జగించాడు. "లీటరు డబ్బా కొనుక్కొస్త అవ్వా. నీ జాగ ఎటు పోతది? దాంతోని కొలువు."

"జాగ నేనేం జేసుకోను?" అంది అవ్వ. "రేపటి నుంచి అందరు లీటరు అంటరు. మీ నాయన పేరు ఇంక ఎవలంటరురా? నేనైతే అననాయె."

మా ఇంట్లో ఎవరికీ అప్పటిదాకా ఆ సంగతి తట్టలేదు. మానిక పోతుందని అనుకున్నాం గాని, అవ్వ చెవులకు ఆ పేరు పోతుందని అనుకోలేదు. అమ్మ పొయ్యి ఆర్పింది.

నాకు మాత్రం ఒక దారి కనబడింది. సారు ఉన్నారు. పేర్లన్నీ ఆయన బీరువాలోనే ఉన్నాయి. ఇంకొక్క పేరు ఎక్కించలేరా?

మరునాడు పొద్దున అవ్వ పిడకలకు పోగానే మానికను అమ్మ పాత చీర ముక్కలో చుట్టాను. చెల్లెను ఒక చంకలో, మానికను ఒక చంకలో పెట్టుకుని హైస్కూలుకు పోయాను. సారు ముందు బల్ల మీద పెట్టి, "దీన్ని సుత పుస్తకంల ఎక్కియ్యుండ్రి సారూ," అన్నాను.

"ఏంది బిడ్డా ఇది?"

"మల్లయ్య."

విషయం మొత్తం చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. మధ్యలో చెల్లె ఏడ్చింది, ఆయన పుట్నాలు పెట్టారు. కుప్ప మాట దగ్గరికొచ్చేసరికి సారు లేచి నిలబడ్డారు. మానికను కిటికీ వెలుగులో తిప్పి చూశారు, అంచు మీద వేలు రాశారు. తరువాత గంట కొట్టగానే వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లలను బెంచీల మీద కూర్చోనియ్యలేదు. ఇద్దరిని ఎండిన ఇసుక తెమ్మని పంపారు. ఒక దుకాణదారు కొడుకును ఇంటికి పంపి వాళ్ల మానిక తెప్పించారు. అది పొట్టిది, మూతి పళ్లెమంత ఉంది.

ముందు దుకాణం మానికలో ఇసుకను కుప్పగా పోశారు. చేత్తో గీశారు. గీసిన ఇసుకను ఒకడు పిడికిళ్లతో లెక్కపెట్టాడు. నాలుగు పిడికిళ్లు. తరువాత మా మానిక. కుప్పగా పోసి గీస్తే ఒక పిడికెడు కూడా నిండలేదు. మూడుసార్లు చేయించారు. మూడుసార్లూ అంతే.

"గందుకేనారా మీ ఇల్లు రెండంతస్తులైంది!" అన్నాడు వెనక నుంచి ఎవడో. గది మొత్తం నవ్వింది. దుకాణదారు కొడుకు చెవులు ఎర్రబడ్డాయి.

సారు అందరినీ ఊరుకోమన్నారు. "ఓల్టు ఎట్లనో, ఓము ఎట్లనో ఇది గట్లనే. ఒక మనిషి కూసోని ఆలోచన జేసిండు. అందరికి సమంగ రావాలె అని జేసిండు. అంగడంత దాన్ని ఒప్పుకున్నది. ఇగ ఇయ్యాల మన క్లాసుల కొలత పేరు మల్లయ్య." బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు. ముందు ఒకటి, తరువాత తాత పేరు, తరువాత లీటరు మీద ఇంత అని ఏదో లెక్క. లెక్క నాకు అక్కర్లేదు. తాత పేరు ఎట్లా ఉంటుందో మొదటిసారి చూశాను. మూడు అక్షరాలు. మొదటిది ఒంటరిగా ఉంది. తరువాతి రెండింటి కింద ఇంకొక్కొక్క చిన్నది వేలాడుతోంది, నేను చెల్లెను మోసినట్టు.

తరువాత లెక్కలు మొదలయ్యాయి. బకెట్‌లో ఇసుక ఎన్ని మల్లయ్యలు? సీసాలో ఎన్ని మల్లయ్యలు? ముప్పై మంది పిల్లలు ఒకేసారి అరుస్తున్నారు. ఐదు మల్లయ్యలు సారూ! కాదు సారూ, ఐదున్నర మల్లయ్యలు! వాడు తక్కువ పోసిండు సారూ!

అప్పుడు చూశాను. వరండాలో అవ్వ నిలబడి ఉంది.

మానిక కనబడక ఇల్లంతా వెతికి, ఎవరో ఎత్తుకుపోయారని అమ్మకు చెప్పడానికి చెప్పుల్లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చిందట. చేతిలో వేపబరికె ఉంది. అంటే దారిలోనే దొంగ నేనని ఆమెకు తోచి ఉంటుంది. కిటికీ దగ్గర ఆగిపోయింది. బరికె ఆమె చేతిలోంచి ఎప్పుడు జారిందో నేను చూడలేదు. ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని, అంగట్లో నిలబడినట్టే వింటోంది.

సారు బయటికి వచ్చారు. "అమ్మా, లోపలికి రాండ్రి. కూసోండ్రి."

అవ్వ లోపలికి రాలేదు. "బాంచెన్ సారూ. పిల్ల తెలువక తెచ్చింది."

"మంచి పనే చేసింది. ఆ పేరు ఆయనదేనా?"

"పిల్లలంటున్నరు గద సారూ," అంది అవ్వ.

తరువాత, నేను అడిగినదే ఆమె కూడా అడిగింది. నెమ్మదిగా, సారు చెప్పుల వైపు చూస్తూ. "పుస్తకంల ఎక్కుతదా?"

సారు అబద్ధం చెప్పలేదు. "నాతోని కాదమ్మా. గవి దేశదేశాలోళ్లు కూసోని నిర్ణయం జేస్తరు. ఏండ్లు పడ్తది." అవ్వ తల ఊపింది. ఆయన ఇంకో మాట అన్నారు. "గని మీరు మానిక అప్పజెప్పేటప్పుడు అక్కడ ఒక రిజిస్టరు ఉంటది. అండ్ల చేసినోని పేరు అని ఒక ఖానా ఉంటది. గండ్ల మాత్రం రాయించుండ్రి. సర్కారు కాయితం, దినాలు నిలుస్తది." తరువాత ఒక చీటీ కూడా రాసిచ్చారు, మానికను విరగ్గొట్టకుండా బడికి ఇప్పించమని.

*

పండగకు రెండు రోజుల ముందు అవ్వ, నేను ఆఫీసుకు పోయాం. వాకిట్లో పాత కొలతలు కుప్పగా పడి ఉన్నాయి. ఒకాయన సుత్తె పట్టుకుని ఒక్కొక్కటి చదును చేస్తున్నాడు. తవ్వలు, సోలలు అప్పడాలైపోతున్నాయి. ఆ చప్పుడుకు అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బల్ల దగ్గర గుమాస్తా తల ఎత్తలేదు. కలం ముంచి అడుగుతూ పోయాడు. ఊరు? చెప్పింది. వాడ? చెప్పింది. ఎన్ని? ఒకటి.

"చేసినోడు?"

అవ్వ పక్కకు చూసింది. అంగడి అయితే పక్కామె చెప్పేది. ఇక్కడ పక్కామె లేదు. మా వెనక ఉన్నవాళ్లు మగవాళ్లు, శంకరంపేట వైపు వాళ్లు, మమ్మల్ని ఎరగరు.

"ఎవలు చేసిండ్రు, అవ్వా?"

"మా ఇంటాయన."

"పేరు చెప్పుండ్రి."

సుత్తె చప్పుడు. గుమాస్తా మొదటిసారి తల ఎత్తాడు. చెడ్డవాడేం కాదు, అలసిపోయి ఉన్నాడు. "తెల్వదా? అయితే తెల్వదని రాస్త. జల్దీ జెప్పుండ్రి, వెనక మంది ఉన్నరు." కలం ముంచాడు.

నేను నోరు తెరిచాను. అవ్వ నా అరచేతిలో గోరు దిగేలా నొక్కింది. నేను నోరు మూసుకున్నాను.

"మల్లయ్య," అంది అవ్వ.

ఆమె గొంతులో ఆ మాట నేనెన్నడూ వినలేదు. ఎవరిదో గొంతులా ఉంది. చిన్నపిల్లది.

"వినబడలే. గట్టిగ జెప్పుండ్రి."

"మల్లయ్య."

గుమాస్తా రాసుకున్నాడు. అద్దుడు కాగితం వేశాడు. చీటీ చదివి, సుత్తె ఆయనను పిలిచి, దీన్ని చదును చేయొద్దు, మళ్లీ కొలవడానికి పనికిరాకుండా అడుగున బొక్క పెట్టి బడికి ఇవ్వు అన్నాడు. పని అయిపోయింది. మేము పక్కకు జరగాలి. అవ్వ జరగలేదు.

"మల్లయ్య," అంది ఇంకోసారి. మూడోసారి ఎవరూ అడగలేదు.

అడుగున బొక్క పెట్టడానికి ఉలికి మూడు దెబ్బలు పట్టింది. "ఆయన చేతి రేకు," అంది అవ్వ ఆ సుత్తె ఆయనతో. "రెండు దెబ్బలకు దిగుతదా?" తిరిగి వచ్చేటప్పుడు దారిలో మిఠాయి దుకాణం దగ్గర ఆగి నాకు జిలేబి ఇప్పించింది. తను తినలేదు. ఆ పేరు పలికిన నోరు కడుక్కోకుండా ఉండాలనిపించిందేమో.

*

మానిక చాలా ఏళ్లు గాజు బీరువాలో ఓము పక్కన ఉంది. సారు దాని మెడలో ఒక కాగితం కట్టారు. నేను రోజూ తుడిచేదాన్ని. తరువాత నాకు పెళ్లయి వేరే ఊరు పోయాను. సారు బదిలీ అయ్యారు. కొత్త గదులు కట్టినప్పుడు పాత సామానంతా ఎటు పోయిందో ఎవరూ చెప్పలేదు.

అవ్వ మాత్రం ఆ రోజు తరువాత మారిపోయింది. తెగిన దండలోంచి పూసలు రాలినట్టు, ఆ పేరు ఆమె నోట్లోంచి ఎక్కడంటే అక్కడ రాలేది. అంగట్లో లీటరు డబ్బా ముందు కూర్చుని, "మల్లయ్య అయితే దీనికి గింత మూతి పెట్టకపోతుండె," అనేది. పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువైతే, "మల్లయ్య ఉంటే గిన్నె ఇసిరేస్తుండె," అనేది. అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. మిరపకాయల ఆమెకు మాత్రం బాధ. "ముసల్దాన్ని ఆడించేందుకు ఇంక ఏమున్నది?" అని మూతి ముడిచేది. మల్లెపూలను మల్లెపూలు అనడం మాత్రం అవ్వకు చివరిదాకా అలవాటు కాలేదు. వాసనపూలే.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఈ మధ్యనే. మా వాడ ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట అరుగు మీద చదువు చెప్పడానికి ఒక చిన్న టీచరమ్మ వచ్చేది. మొదటి రోజు అందరికీ పలకలు ఇచ్చి, ముందు ఎవరి పేరు వాళ్లు రాయడం నేర్చుకోవాలంది. నా దగ్గరికి వచ్చి బలపం తీసుకుంది.

"పేరు చెప్పు పెద్దమ్మా, రాసిస్త."

చెప్పాను. రాసిచ్చింది. మూడు అక్షరాలు. మొదటిది ఒంటరిగా, తరువాతి రెండూ చంకలో పిల్లలను ఎత్తుకుని. సారు బోర్డు మీద ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి, ఒక్క గీత మారలేదు.

టీచరమ్మ పలక వైపు, నా వైపు చూసింది. "ఇది మొగోళ్ల పేరు గదా పెద్దమ్మా?"

"కొలత పేరు," అన్నాను.

సాయంత్రం దాకా దాన్నే దిద్దాను. నా పేరు ఆ తరువాతి వారం నేర్చుకున్నాను.